నాయన కవిలె

మా నాయన చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తా. ఒకే సావుకారి దగ్గర ముప్పై నాలుగేళ్ళు లెక్కలు రాశాడు. పగలంతా మండీ లెక్క, తెల్లారుజామున బైబిలు వాక్యం లెక్క. రెండూ ఒకే రకం పుస్తకాల్లో, ఒకే పెన్నుతో, అవే గుండ్రటి అక్షరాలతో. ఎర్రగుడ్డ అట్ట వేసి తెల్లదారంతో కుట్టిన పొడుగాటి పుస్తకాలవి. 1969 నుంచి 2003 దాకా ఏడాదికి ఒకటి చొప్పున ముప్పై అయిదు పుస్తకాలు ఇప్పుడు తిరుపతిలో మా ఇంట్లో ఉన్నాయి. బీరువా అడుగు అరలో, ఎండిన వేపాకు మధ్య.

మొన్నటి ముసురుకి గోడ చెమ్మగిల్లి అర వాసన వస్తుంటే అన్నీ బయటికి తీశాను. మిద్దె మీద చాప పరిచి ఒక్కొక్కటే విప్పి ఎండబెట్టాను. ఎండబెట్టడానికి ఒక పూట పట్టింది, చదవడానికి వారం పట్టింది. పొయ్యి మీద అన్నం పెట్టి మరిచిపోయిన రోజు కూడా ఉంది. ఆ వారం నుంచీ ఇది రాయాలని మనసు పీకుతోంది.

నా చిన్నప్పుడు మేం మిట్టూరులో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. ఒక గది, ఒక వంటిల్లు, ముందు తిన్నె. నాయన నాలుగున్నరకి లేచేవాడు. ముఖం కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని, తిన్నె మీద గోడకి ఆనుకుని కూర్చునేవాడు. పక్కన నీళ్ళ చెంబు, ఒళ్ళో పరిశుద్ధ గ్రంథం, దాని కింద ఎర్ర పుస్తకం. మనసులో చదువుకోవడం ఆయనకి అలవాటు లేదు. పెదాలు కదిలేవి, సన్నగా గొణుగుడు వినిపించేది. నిద్రలోనే నా చెవిన పడేది ఆ గొణుగుడు. ఇంకా తెల్లారలేదన్నమాట అనుకుని దుప్పటి మళ్ళీ పైకి లాక్కునేదాన్ని. చాలా ఏళ్ళ తర్వాత మా సంఘానికి వచ్చిన ఒక బోధకుడు మొదటి కీర్తన వివరిస్తూ, "దివారాత్రము దానిని ధ్యానించువాడు" అన్న చోట హెబ్రీలో ఉన్న మాటకి గొణుక్కోవడం, లోలోపల పలుక్కోవడం అనే అర్థం కూడా ఉందన్నారు. ఆ తర్వాత ఆయన చెప్పిందేదీ నాకు వినపడలేదు. మా తిన్నె కళ్ళ ముందుకు వచ్చేసింది.

చదవడానికి నాయనకి ఒక లెక్క ఉండేది. బైబిల్లో మొత్తం 1189 అధ్యాయాలు. పాత నిబంధనలో 929, కొత్త నిబంధనలో 260. వారంలో ఆరు రోజులు మూడేసి, ఆదివారం అయిదు. వెరసి వారానికి 23. యాభై రెండు వారాలకి 1196. "ఏడు అధ్యాయాలు చేతిలో మిగులు పాపా. రెండు దినాలు జ్వరమొచ్చి పండుకున్నా సంవత్సరం లెక్క తప్పదు" అనేవాడు. ఈ లెక్క ఆయన కనిపెట్టింది కాదు, మన సంఘాల్లో చాలామంది ఇట్లాగే చదువుతారు. అయితే ఆ మిగులు ఏడింటి గురించి చెప్పేటప్పుడు ఆయన ముఖంలో ఒక నిబ్బరం కనిపించేది. నెల జీతం మీద బతికే ఇంట్లో మిగులు అనే మాట ఆ ఒక్క చోటే వినేవాళ్ళం.

దాంతో మా ఇంట్లో ఏడాది రెండు పంచాంగాలతో నడిచేది. సంక్రాంతికి యోసేపు ఐగుప్తులో ఉండేవాడు. బెల్లం సీజను ముదిరి మండీ ముందర బండ్లు వరస కట్టే రోజుల్లో లేవీయకాండం. జూన్‌లో బడి తెరిచేసరికి దావీదు కీర్తనలు. అక్టోబరు వానలకి మత్తయి సువార్త. ఊరంతా క్రిస్మస్ నక్షత్రాలు కట్టేటప్పటికి నాయన ప్రకటన గ్రంథంలో కొత్త యెరూషలేము గుమ్మాల దగ్గర ఉండేవాడు.

లేవీయకాండం రోజుల్లో ఆయన రాత బక్కచిక్కిపోయేది. రాత్రి పదింటి దాకా రైతులకి పట్టీలు రాసి ఇంటికొచ్చి, మళ్ళీ నాలుగున్నరకి లేచిన మనిషి మరి. 1974 ఫిబ్రవరిలో ఒక రోజు ఇంతే ఉంది: "చదివినాను. ఏమీ తగల్లేదు. నిద్ర వచ్చింది. ప్రభువా, నీకు తెలుసు." మిద్దె మీద ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. బూడిద, రక్తం, కుష్ఠు మచ్చల కొలతలున్న ఆ అధ్యాయాలు చదివి, ఏదో గొప్ప పాఠం దొరికినట్టు రాసుకోవచ్చు. నేను అట్లా రాసినవి బోలెడు. ఆయన మాత్రం ఒక్కటి కూడా రాయలేదు.

తగలడం అనేది ఆయన మాటే. మూడు అధ్యాయాలు అయినాక, ఆగిన చోట ఉన్న ఒక్క వచనాన్ని చేత్తో ఎక్కించేవాడు. దాని కింద "తగిలింది" అని రాసి రెండు మూడు వరసలు. ఆఖర్న ఒక వరస ప్రార్థన. అంతే. మండీ భాషలోనే నాకు వివరం చెప్పేవాడు: "చిట్టా అని ఉంటాది పాపా. ఏ దినం జరిగింది ఆ దినమే, జరిగింది జరిగినట్టు రాసేది. ఆవర్జా అని ఇంకోటి. దాంట్లో ఒక్కో మనిషికీ ఒక్కో పేజీ. ఎవురు ఎంత ఇచ్చినారు, ఎంత బాకీ. ఈ ముందర పక్క నా చిట్టా. ఎనక పక్క నా ఆవర్జా." నిజంగానే పుస్తకం వెనక నుంచి తిప్పితే ఇంకో పుస్తకం ఉండేది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఒక కట్టడి ఉండేది. రాసింది చెరపకూడదు, పేజీ చింపకూడదు. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పక్కన సరిగ్గా రాయాలి. కొట్టేసింది కూడా చదవడానికి రావాలి. మండీలో చెరిపిన పద్దుని ఎవరూ నమ్మరు. 1971 మే నెలలో ఒక పేజీ నిండా నల్లటి కోపం ఉంది, తూకం దగ్గర తనని దొంగ అన్న ఒక మనిషి మీద. దాని మీద సన్నగా ఒక గీత. పక్కన చిన్న అక్షరాలతో: "కోపం నిజమే. మాటలు తప్పు." గీత కింద ఆ కోపం ఈనాటికీ అక్షరం అక్షరం చదవొచ్చు.

నేను రాయడం మొదలుపెట్టింది 1976 జూన్‌లో, పదేళ్ళప్పుడు. బడి తెరిచారు, కొత్త నోటు పుస్తకాలు కొన్నారు, అట్టలు వేశాం. నలభై పేజీలది ఒకటి ఎక్కువైంది. ఆ తెల్లారి ఎందుకో మెలకువ వచ్చి తిన్నె మీదికి పోయి నాయన పక్కన కూర్చున్నాను. ఆయన యాభై ఆరో కీర్తన చదువుతున్నాడు. "నా సంచారములను నీవు లెక్కించియున్నావు. నా కన్నీళ్లు నీ బుడ్డిలో నుంచబడి యున్నవి. అవి నీ కవిలెలో కనబడును గదా."

బుడ్డి తెలుసు. కరెంటు పోతే వెలిగించే కిరసనాయిలు బుడ్డి వంటింటి గూట్లో ఉంది. కవిలె తెలీదు.

"కవిలె అంటే ఏంది నాయనా?"

"కరణాల లెక్క పాపా. ముందు కాలంలో తాటాకుల మీద రాసి కట్ట కట్టి పెట్టుకునేవోళ్ళు. ఎవురి కయ్య ఎంత, ఎవురు ఎంత కట్టినారు, అంతా దాంట్లోనే. కవిలెలో ఎక్కిందంటే అది ఉన్నట్టే. రాజు మారినా ఉన్నట్టే."

"దేవుడు మన కన్నీళ్ళని లెక్క రాస్తాడా?"

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. ఒళ్ళో ఉన్న ఎర్ర పుస్తకం అట్ట మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు. "రాస్తా ఉండాడనే రాసుండాది" అన్నాడు. తర్వాత, "పో, ఆ ఎక్కువైన పుస్తకం తీసకరా" అన్నాడు.

నా మొదటి పేజీ ఇప్పటికీ ఉంది. ఆ వచనం వంకర అక్షరాలతో, "కవిలె" లో లకి కొమ్ము తగిలించి, మళ్ళీ కొట్టేసి. కింద నేను రాసింది: "దేవుడు గుమాస్తా పని కూడా చేస్తాడు." నాయన అది చదివి నవ్వలేదు. తల ఊపి, పుస్తకం నా చేతికి ఇచ్చేశాడు. తెలుగు బైబిలు పాత అనువాదం భాష కొరుకుడు పడదని ఈ కాలం పిల్లలు అంటారు. వాళ్ళ ఇబ్బంది నిజమే. కానీ పుస్తకం అనో గ్రంథం అనో రాస్తే సరిపోయే చోట కవిలె అని పెట్టిన ఆ అనువాదకులకి, వాళ్ళెవరైనా సరే, మా ఇంటి తరఫున నేను రుణపడి ఉన్నాను. ఆ ఒక్క మాట లేకపోతే ఒక మండీ గుమాస్తాకీ దావీదు రాజుకీ అంత దగ్గరి చుట్టరికం కుదిరేది కాదు.

మా అమ్మకి చదువు రాదు. పొద్దున ఆమె వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, పొయ్యి రాజేసేసరికి నాయన చదవడం అయ్యేది. కాఫీ గ్లాసు ఇచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ గడప మీద కూర్చునేది. "ఈ పొద్దు ఏమొచ్చిందో చెప్పు" అనేది. నాయన ఆగిన వచనం మళ్ళీ చదివి వినిపిస్తే, తనకి తోచింది ఒక్క ముక్కలో చెప్పేది. నాయన దాన్నీ రాసేవాడు, "ఇంట్లో మాట" అని పేరు పెట్టి. ఆ బుడ్డి వచనం దగ్గర ఇట్లా ఉంది: "ఇంట్లో మాట: ఆడోళ్ళ కన్నీళ్ళకే చాలదు ఆ బుడ్డి." అయిదు రొట్టెలు, రెండు చేపల దగ్గర: "ఇంట్లో మాట: ఆ పిల్లోడికి సద్ది కట్టిచ్చిన తల్లి పేరు రాయలేదే." నేను తర్వాత ఎన్నో ప్రసంగాలు విన్నాను, కొన్ని చేశాను కూడా. ఆ తల్లి ఊసు నాకు ఇంకెక్కడా తగల్లేదు.

ఈ అలవాటు నాయనకి తాత నుంచి వచ్చింది. తాతకి 1946లో క్షయ. అప్పటికి మన పల్లెల దాకా మందు రాలేదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో కొన్ని మిషన్ల వాళ్ళు కలిసి 1915లో తెరిచిన శానిటోరియం ఉంది కదా, అక్కడ చేర్చారు. పద్నాలుగు నెలలు మంచం మీదే. మంచి గాలి, మంచి తిండి, కదలకుండా పడుకోవడం, అదే వైద్యం. మంచం కాళ్ళ దగ్గర ఒక పట్టీ వేలాడేదట. నర్సమ్మ పొద్దునా సాయంత్రం జ్వరం చూసి దాని మీద చుక్క పెట్టి పోయేది. మొదట్లో తాత ప్రతి చుక్కకీ బెంబేలు పడేవాడు. పైకి పోతే చస్తాననీ, కిందికి దిగితే బతికాననీ. నెలలు గడిచాక గీత మొత్తం చూస్తే మెల్లిగా కిందికి దిగుతోందని తెలిసింది. అప్పుడు పక్క మంచం ఆయన దగ్గర పెన్సిల్ అడిగి తీసుకుని, తన చదువుకీ ప్రార్థనకీ అట్లాంటి పట్టీ ఒకటి మొదలుపెట్టాడట. రోజుకొక వరస. తాత కాగితాలు చెదలు తినేశాయి. నాయన దగ్గర మిగిలింది ఆ కథ ఒక్కటే. నేను రాయనని మొండికేసిన రోజుల్లో నాకు ఆ కథ చెప్పేవాడు.

ఇక వెనక పక్క ఆవర్జా. పుస్తకాన్ని తిరగేసి పట్టుకుంటే ఎడమ పేజీ మీద "అడిగినది", కుడి పేజీ మీద "ఇచ్చినది". ఎడమ పక్క తేదీ, పేరు, ఒక ముక్కలో సంగతి. జవాబు వచ్చిన రోజు కుడి పక్క తేదీ వేసి "చెల్లు" అని రాసేవాడు. బ్రిస్టల్‌లో అనాథ పిల్లల ఇళ్ళు నడిపిన జార్జి ముల్లర్ ప్రార్థనల్నీ వాటి జవాబుల్నీ రాసి పెట్టుకునేవాడని ఒక కూడికలో విన్నాక ఇది మొదలుపెట్టాడట. ముల్లర్ ఎట్లా రాశాడో నాయన చూడలేదు. ఆయనకి తెలిసిన పద్ధతి మండీదే.

మా సావుకారి ఏటా తిరుమల కొండ కాలినడకన ఎక్కే మనిషి. 1972లో ఆయన కూతురి కాన్పు కష్టమని డాక్టరు చెప్పినప్పుడు, సాయంత్రం గల్లాపెట్టె మూస్తూ, "మీ దేవుడికి కూడా ఒక మాట చెప్పబ్బా" అన్నాడట. నాయన ఎడమ పేజీలో రాశాడు. తొమ్మిది రోజుల తర్వాత తల్లీబిడ్డా క్షేమమని చెప్పడానికి సావుకారి తానే మా ఇంటి తిన్నె దాకా వచ్చాడు. నాయన ఆయన ముందే పుస్తకం తీసి కుడి పేజీలో తేదీ వేశాడు. తన కూతురి పేరు ఆ పుస్తకంలో ఉండడం చూసి సావుకారి ఏమీ మాట్లాడలేదట. ఆ మరుసటి ఏడాది నుంచి, మండీకి లెక్కల పుస్తకాలు కుట్టించేటప్పుడు ఒకటి ఎక్కువ కుట్టించి నాయనకి ఇచ్చేవాడు. నాయన పని మానేశాక కూడా ఆయన కొడుకు పంపించేవాడు.

అన్నీ చెల్లు కావు కదా. డిసెంబరు 31 రాత్రి ఆరాధనకి పోయే ముందు నాయన కొత్త పుస్తకం విప్పేవాడు. పాత దాంట్లో చెల్లు కాని పద్దులన్నీ ఒక్కొక్కటే కొత్త దాంట్లోకి ఎక్కించేవాడు. పైన "వెనకటి బాకీ" అని రాసేవాడు. నేను లాంతరు పట్టుకుని పక్కన కూర్చునేదాన్ని. అమ్మ తొందర పెట్టేది, గుడిగంట కొడతా ఉండారని. ఆయన తొందరపడేవాడు కాదు. ప్రతి పేరునీ నోటితో పలికి, అప్పుడు రాసేవాడు.

ఈ వెనకటి బాకీల్లోనే, ఇన్నేళ్ళకి, మా చిన్నాయన పేరు వెతికాను. 1970 నుంచి ప్రతి ఏడూ ఉంది: "తమ్ముడు, కుటుంబం." 1978 పుస్తకంలో లేదు. 1979లో లేదు.

తాత 1977లో పోయాడు. పెనుమూరు దగ్గర ఊర్లో ఎకరన్నర చెరుకు కయ్య, ఒక బావి, ఒక మోటారు. భాగాలప్పుడు మోటారు వంతు దగ్గర మాట పెరిగింది. అన్నదమ్ములిద్దరూ నోరు జారారు. మాకు చిన్నాయన ఇంటికి పోవడం ఆగిపోయింది. ఎందుకని అడిగితే అమ్మ, "పెద్దోళ్ళ ఇసయం" అని నోరు మూయించేది.

1979 అక్టోబరు 10, బుధవారం. నాయన పాత నిబంధన ముగించాడు. మలాకీ ఆఖరి వచనం ఎక్కించి ఉంది, తండ్రుల హృదయములను పిల్లల తట్టును, పిల్లల హృదయములను తండ్రుల తట్టును త్రిప్పును అనేది. తగిలింది అన్న చోట: "నాయన ఉంటే ఏమనేవాడో." పన్నెండో తేదీ శుక్రవారం మత్తయి అయిదో అధ్యాయం. "మొదట వెళ్లి నీ సహోదరునితో సమాధానపడుము." అంతే ఉంది. తగిలింది అని రాశాడు, కింద ఖాళీ. ముప్పై అయిదు పుస్తకాల్లో తగిలింది అని రాసి కింద ఏమీ లేనిది ఆ ఒక్క చోటే. పదమూడున: "నిన్నటి మాట కింద రాయడానికి చెయ్యి రాలేదు. ఈ దినమూ రాలేదు. రెండు సంవత్సరాలుగా వాడి పేరు ఆవర్జాలో ఎక్కించలేదు, నీకు తెలుసు. రాసే మనసు ఇయ్యి."

పద్నాలుగు ఆదివారం. ఆ రోజు నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే నాయన మొదటిసారి ఆరాధన మానేశాడు. తెల్ల చొక్కా వేసుకుని, కానుక కవరు జేబులో పెట్టుకుని, గుడి దాకా వచ్చాడు. గేటు దగ్గర నిలబడిపోయాడు. లోపల మొదటి కీర్తన ఎత్తుకున్నారు. జేబులోంచి కవరు తీసి అమ్మ చేతిలో పెట్టి, "నువ్వు లోపలికి పో" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని బస్టాండుకి నడిచాడు. అక్కడ బలిపీఠము నెదుటనే నీ అర్పణము విడిచిపెట్టి అని ఉన్నదాన్ని ఆయన ఉన్నదున్నట్టు చేశాడని నాకు ఇప్పుడు, ఈ పేజీలు చూశాకే తెలిసింది. అప్పుడైతే బస్సెక్కుతున్నామన్న సంబరమే.

వాన పడి వెలిసింది. చిన్నాయన పశువుల కొట్టం దగ్గర గడ్డి దులుపుతున్నాడు. మమ్మల్ని చూసి చేతిలో గడ్డి అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

"ఎప్పుడొస్తివన్నా?"

"ఇప్పుడేరా."

తిన్నె మీద కూర్చున్నారు. ఇద్దరూ ఎదురుగా ఉన్న చింతచెట్టునే చూస్తున్నారు. చాలాసేపు మాటల్లేవు. చిన్నమ్మ సంగటి, శెనగవిత్తనాల ఊరిబిండి పెట్టింది. తింటూ తింటూ నాయన, "మోటారు వంతు నీకు కావాల్సినట్టు పెట్టుకోరా. నేను అన్న మాటలు అనగూడదు" అన్నాడు. చిన్నాయన ముద్ద మింగలేక నీళ్ళు తాగాడు. "నేను మాత్రం తక్కువన్నానా" అన్నాడు. అంతే. వచ్చేటప్పుడు గోతంలో గుమ్మడికాయ పెట్టి బస్సు దాకా తానే మోసుకొచ్చాడు.

ఆ రోజు పద్దు: "తమ్ముడు." ఎడమ పక్కా అదే తేదీ, కుడి పక్కా అదే తేదీ. "చెల్లు." చిట్టాలో తగిలింది కింద ఖాళీ మాత్రం ఖాళీగానే వదిలేశాడు. నిజం చెప్పాలంటే 1982లో బావి పూడిక ఖర్చు దగ్గర మళ్ళీ గొడవైంది, చిన్నాయన మళ్ళీ ఎడమ పేజీకి ఎక్కాడు. ఈసారి మాత్రం ఒక్క ఏడు కూడా పేరు తప్పిపోలేదు.

పెళ్ళై తిరుపతి వచ్చి బడిలో ఉద్యోగానికి చేరాక నేను రాయడం మానలేదు. కానీ నా రాత చెడింది. స్త్రీల కూడికలో ఒకసారి నా నోటు పుస్తకంలోంచి చదివితే అందరూ మెచ్చుకున్నారు. ఆ తర్వాత ప్రతి పేజీ ఎవరికో వినిపించడానికి రాసినట్టు అయ్యింది. మంచి మంచి మాటలు, ఒకటికి రెండు రిఫరెన్సులు. నాయన ఒకసారి వచ్చినప్పుడు ఆశగా చూపించాను. అంతా తిరగేసి, "చేతిరాత బాగుండాది పాపా. ఎవురికి రాసినావు?" అన్నాడు. ఆయన గొంతులో దెప్పిపొడుపు లేదు, తెలుసుకోవాలనే అడిగాడు. నాకు రోషం వచ్చింది. ఏడాది పైగా పుస్తకం ముట్టలేదు.

మళ్ళీ మొదలైంది 1996లో. నాకంటే వెనక చేరిన ఆమెకి ప్రమోషన్ వచ్చింది. రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి డెబ్బై మూడో కీర్తన తీశాను, "నేను మత్సరపడితిని" అని ఆసాపు సూటిగా ఒప్పుకునే కీర్తన. కింద రాశాను: "నాకు అసూయగా ఉంది. ఆమెని చూడబుద్ధి కావడం లేదు." రాసి పెన్ను మూసేశాను. ఎవరికీ వినిపించలేని వరస అది. ఆ రోజు నుంచీ ఇప్పటి దాకా ఆగలేదు.

ఇప్పుడు మా అమ్మాయి బెంగుళూరులో మెట్రోలో నిలబడి ఫోన్‌లో చదువుకుంటుంది, వచనం మీద వేలు పెట్టి రంగు పూస్తుంది. చదువుతోంది, అదే నాకు పండగ. నేనూ ఫోన్‌లో రాయాలని చూశాను. రెండు అక్షరాలు కొట్టగానే మిగతా మాట అదే వచ్చేస్తోంది. "వాత్సల్యత" అనే మాటలో ఒత్తు, కింద యావత్తు, నా చెయ్యి నెమ్మదిగా దిద్దుకుంటూ పోయే ఆ కాస్త సేపట్లోనే నాకు ఏదైనా తగిలేది. అందుకని మళ్ళీ పెన్నే పట్టుకున్నాను.

నాయన ఆఖరి రాత 2003 సెప్టెంబరు 14, ఆదివారం. యెహెజ్కేలు ముప్పై తొమ్మిది నుంచి నలభై మూడు దాకా, అయిదు అధ్యాయాలు. చేతిలో దారం, కొలకర్ర పట్టుకున్న మనిషి మందిరాన్ని గుమ్మం గుమ్మం కొలుస్తూ పోయే అధ్యాయాలు. చాలామంది కళ్ళు మూసుకుని దాటేసేవి. "తగిలింది: అన్నీ కొలిచినాడు. ఏదీ వదల్లేదు. తొందరపడలేదు." అక్షరాలు వణికాయి, వరస మాత్రం వంగలేదు. మంగళవారం తెల్లారి ఆయన లేవలేదు.

ఆ ఏడు డిసెంబరు 31 రాత్రి వెనకటి బాకీలు నేను ఎక్కించాను. పదకొండు ఉన్నాయి. ఇన్నేళ్ళలో నాలుగు చెల్లు అయ్యాయి. వాటి తేదీలు నాయన పుస్తకంలోనే కుడి పేజీలో నా చేతిరాతతో వేశాను. ఆయన పద్దు ఆయన పుస్తకంలోనే తీరాలని నా పట్టు. మిగిలిన వాటిలో ఒకటి ఎవరిదో నాకు చాలాకాలం అర్థం కాలేదు. 1984 నుంచి ఉంది. అమ్మకి రాయవేలూరు ఆస్పత్రిలో ఆపరేషన్ అయిన ఏడాది. నాయన వారానికి రెండుసార్లు బస్సులో పోయి వచ్చేవాడు. మొన్న మిద్దె మీద ఆ ఏటి చిట్టా చదివితే దొరికింది. ఆ జూలైలో ఒక సాయంత్రం తిరుగు బస్సులో ముందు సీట్లో ఒక ఆమె ఆస్పత్రి కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, కిటికీకి తల ఆనించి, చిత్తూరు దాకా ఏడుస్తూనే వచ్చిందట. "అడగాలనుకున్నాను. అడగలేకపోయినాను. దిగి ఎటు పోయిందో చూడలేదు."

నాయన ఆ పద్దుని 1985 నుంచి 2003 దాకా పంతొమ్మిది సార్లు ఎక్కించాడు. కుడి పేజీలో ఏం రాయాలో ఆయనకి ఎప్పటికీ తెలిసే వీలు లేదు. నాకూ లేదు. ఏటా డిసెంబరు ఆఖరి రాత్రి, ముందు నోటితో పలికి, ఆయన రాసినట్టే రాస్తాను: "రాయవేలూరు బస్సులో ఏడస్తా వచ్చిన ఆమె. పేరు తెలీదు."